కాపలావాడికి రహస్యం తెలియాలా?

మన కాలేజీలోనే కాదు, చుట్టుపక్కల ఏ కాలేజీలోనైనా సరే, మొదటి సంవత్సరం వాళ్ళ కంప్యూటరు ల్యాబు రికార్డు ఒకటి తీసుకుని తిరగేయండి. రెండు సంఖ్యల కూడిక, ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచీ వరస, ఇవన్నీ దాటాక ఎక్కడో ఒకచోట "లాగిన్ ప్రోగ్రాం" తగులుతుంది. యూజర్‌నేమ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండూ సరిపోతే "వెల్‌కమ్" అంటుంది, లేకపోతే "ఇన్‌వాలిడ్" అంటుంది. అంతా కలిపి పది పన్నెండు లైన్లు. ఒక పేజీలో ప్రోగ్రాం, ఎదుటి పేజీలో అవుట్‌పుట్, అడుగున లెక్చరర్ గారి సంతకం. ఆ ప్రయోగం అంతటితో సమాప్తం.

పన్నెండు లైన్ల మీద ఇంత వ్యాసమా అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. కూడిక ప్రోగ్రాం తప్పు వ్రాస్తే జవాబు తప్పు వస్తుంది, దిద్దుకుంటాం, అక్కడితో సరి. లాగిన్ ప్రోగ్రాం సంగతి అట్లా కాదు. ఒక విద్యార్థి మొట్టమొదటిసారిగా ఇంకొక మనిషి రహస్యాన్ని తన చేతిలోకి తీసుకునేది అక్కడే. ఆ ముక్క మాత్రం ఆ విద్యార్థికి ఎవరూ చెప్పటం లేదు. "ఇఫ్, ఎల్స్ వస్తే చాలు" అంటున్నారు. నా అభ్యంతరమంతా దాని మీదే. పరిశోధక విద్యార్థిగా మూడేళ్ళ నుంచి మొదటి సంవత్సరం ల్యాబుల్లో సాయం చేస్తున్నాను గనుక, ఈ రికార్డులు చూసీ చూసీ చెబుతున్న మాట ఇది.

అసలు ఆ ప్రోగ్రాం చేసే పని ఏమిటి? యూజర్‌నేమ్ అంటే "నేను ఫలానా" అని చెప్పుకోవడం. పాస్‌వర్డ్ అంటే అందుకు రుజువు. రామాయణం విన్నవాళ్ళకి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. పర్ణశాల ముందుకు వచ్చినవాడు సన్యాసినని చెప్పుకున్నాడు, రుజువు అడిగిన దిక్కు లేదు. అదే అశోకవనంలో, హనుమంతుడు రామదూతనని చెప్పుకున్నంత మాత్రాన సీతమ్మ నమ్మలేదు. ఇదీ రావణుడి మాయేమోనని అనుమానించింది. ఉంగరం చేతికి వచ్చాక కుదుటపడింది. ఉంగరం వుంటే చాలదు, అది రాముడి ఉంగరమే కావాలి. చెప్పుకున్న పేరుకీ, చూపించిన గుర్తుకీ జత కుదరాలి. ఈ జత కుదరడమనేది మన విద్యార్థులు చాలామంది జారవిడుస్తున్న విషయం.

ఎలాగంటారా? రికార్డుల్లో మళ్ళీ మళ్ళీ కనపడే ఒక పద్ధతి చెబుతాను. రెండు జాబితాలు తయారుచేస్తారు. మొదటి దాన్లో పేర్లు: రవి, లత, సలీం. రెండో దాన్లో వాళ్ళ పాస్‌వర్డులు, అదే వరసలో. ఆ తర్వాత ఇఫ్ పెట్టి, టైపు చేసిన పేరు మొదటి జాబితాలో వుందా, అండ్, టైపు చేసిన పాస్‌వర్డు రెండో జాబితాలో వుందా అని అడుగుతారు. వుంటే వెల్‌కమ్. పైథాన్‌లో ఇది చదవడానికి ఎంత ముచ్చటగా వుంటుందో! మామూలు మాటలాగే వుంటుంది. కాని కాస్త ఆగి చూడండి. రవి పేరు కొట్టి లత పాస్‌వర్డు ఇస్తే ఏమవుతుంది? పేరు జాబితాలో వుంది. పాస్‌వర్డూ జాబితాలో వుంది. తలుపు తెరుచుకుంటుంది! రవి ఇంట్లోకి లత తాళంచెవితో వెళ్ళిపోవచ్చు, సలీం తాళంచెవితోనూ వెళ్ళిపోవచ్చు. జాబితాలో వందమంది వుంటే ప్రతి ఇంటికీ వంద తాళంచెవులన్నమాట.

మరి ఈ తప్పు పట్టుబడదా అంటే, పట్టుబడదు. ఎందుకంటే మనం రికార్డులో వ్రాసే అవుట్‌పుట్లు రెండే. సరైన పేరు, సరైన పాస్‌వర్డు ఇస్తే వెల్‌కమ్. నోటికొచ్చిన పేరు, నోటికొచ్చిన పాస్‌వర్డు ఇస్తే ఇన్‌వాలిడ్. రెండూ బ్రహ్మాండంగా వస్తాయి. ఒకరి పేరుతో ఇంకొకరి పాస్‌వర్డు కొట్టి చూడాలని ఎవరికీ తట్టదు, చూడమని ప్రశ్నపత్రంలోనూ వుండదు. సరిగ్గా వ్రాయడం కష్టమా అంటే అదీ కాదు. పేరుకి ఎదురుగా పాస్‌వర్డు వుండేలా డిక్షనరీ ఒకటి పెట్టుకుని, ముందు పేరు వెదికి, ఆ పేరుకి ఎదురుగా వున్నదానితో మాత్రమే పోల్చాలి. లైన్ల సంఖ్య పెరగనే పెరగదు. పెరగాల్సింది పరీక్షించే బుద్ధి.

సి భాషలో చేసేవాళ్ళ తిప్పలు వేరు. రెండు మాటల్ని రెండు సమాన చిహ్నాలతో పోలుస్తారు. ఆ భాషలో అది అక్షరాల్ని పోల్చదు, అవి మెమరీలో వున్న చోటుల్ని పోలుస్తుంది. పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా ఇన్‌వాలిడ్ అంటుంటే కంప్యూటరు పాడైందని మెకానిక్కుని పిలిచిన మహానుభావులు కూడా వున్నారు. స్ట్రింగ్‌కంపేర్ అనే ఫంక్షన్ వాడితే, రెండు మాటలూ ఒకటే అయినప్పుడు అది సున్నా ఇస్తుంది. సున్నా అంటే సి భాషకి "కాదు" అని అర్థం. దాంతో సరైన పాస్‌వర్డు ఇచ్చినవాణ్ణి బయట నిలబెట్టి, తప్పుడు పాస్‌వర్డు ఇచ్చినవాళ్ళందర్నీ లోపలికి పిలిచే ప్రోగ్రాములు తయారవుతాయి. ఇవి నవ్వుకుని దిద్దుకునే తప్పులు. వీటివల్ల నాకు పెద్ద బాధ లేదు.

బాధ అసలు సంగతి గురించి. రెండు జాబితాల తప్పు దిద్దుకున్న ప్రోగ్రాంలో కూడా పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా, ఎవరైనా చదువుకునేట్టుగా వ్రాసి వుంటాయి. మొదటి సంవత్సరంలో ప్రోగ్రాం లోపలే వుంటాయి. రెండో సంవత్సరంలో ఫైలులోకి మారతాయి. మూడో సంవత్సరంలో డేటాబేసులోకి ఎక్కుతాయి, "పాస్‌వర్డ్" అనే పేరుతో ఒక కాలమ్ పెట్టుకుని మరీ. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు "లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్" అయినా, "హాస్టల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్" అయినా మొదటి స్క్రీను మాత్రం ఆ పాత పన్నెండు లైన్లే. ఆ తర్వాత ఉద్యోగం. అక్కడ కొత్తగా నేర్పే తీరిక ఎవరికుంది? చేతికి అలవాటైనదే వ్రాస్తాం.

ఇది కొత్తగా బయటపడ్డ జబ్బు కాదు. పాస్‌వర్డుతోపాటే పుట్టింది. అమెరికాలో ఎమ్.ఐ.టి.లో 1961లో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే యంత్రాన్ని అనేకమంది పంచుకునే సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థని ప్రదర్శించింది. ఎవరి ఫైళ్ళు వాళ్ళవి కావాలంటే పాస్‌వర్డు వుండాలి గదా. ఆ పాస్‌వర్డులన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా ఒక ఫైలులో పెట్టుకున్నారు. అలన్ షేర్ అనే పరిశోధక విద్యార్థికి తనకి కేటాయించిన గంటలు చాలలేదు. 1962లో ఆ ఫైలుని అచ్చువేయమని ఒక పంచ్ కార్డు పెట్టాడు. అచ్చయి వచ్చింది. మిగతావాళ్ళ పేర్లతో హాయిగా పని చేసుకున్నాడు. నా బోటి పరిశోధక విద్యార్థికి అతని మీద కోపం రావడం కష్టమే గాని, ఫైలు అలా పెట్టినవాళ్ళ మీద రావాలి. 1966లో అయితే దొంగ కూడా అవసరం లేకపోయింది. ఆ యంత్రం దగ్గర కూర్చున్న ప్రతివాడికీ మొదట ఆ రోజు సందేశం ఒకటి కనిపించేది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో ఫైళ్ళు దిద్దడంతో సందేశం ఫైలూ, పాస్‌వర్డుల ఫైలూ తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాడి ముందూ అందరి పాస్‌వర్డులూ వరసగా అచ్చయ్యాయి! కార్బటో స్వయంగా తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఈ సంగతి చెప్పుకున్నాడు.

దీనికి విరుగుడు కూడా ఆ దశాబ్దంలోనే దొరికింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో రోజర్ నీడమ్ ఒక సులువు చూశాడు. కాపలావాడికి రహస్యం తెలియనక్కరలేదు అన్నాడు. పాస్‌వర్డుని ఒక గణిత ప్రక్రియలో వేసి, బయటికి వచ్చినదాన్ని మాత్రమే దాచుకోవాలి. బియ్యం మరపట్టిస్తే పిండి వస్తుంది గాని, పిండిని ఎంత తిప్పినా బియ్యం రావు గదా! ఆ ప్రక్రియా అటువంటిదే, వెనక్కి నడవదు. మనిషి మళ్ళీ వచ్చి పాస్‌వర్డు చెప్పినప్పుడు దాన్నీ అదే మరలో వేసి, ఈ పిండీ ఆ పిండీ ఒకటేనా అని చూస్తే చాలు. మారిస్ విల్క్స్ 1968లో వెలువడ్డ తన పుస్తకంలో దీన్ని వివరించాడు. ఇవాళ దాన్నే హ్యాష్ అంటున్నాం. అంటే మనం ల్యాబులో నేర్పుతున్న పద్ధతి పనికిరాదని తేలి అరవై ఏళ్ళు కావస్తోంది.

1979లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఒక వ్యాసం ప్రచురించారు. ఆరు పేజీలకు మించని ఆ వ్యాసాన్ని ప్రతి కంప్యూటరు విద్యార్థీ చదవాలని నా అభిప్రాయం. వాళ్ళు జనం పెట్టుకున్న 3,289 పాస్‌వర్డులు సేకరించి చూశారు. 15 మంది ఒకే ఒక్క అక్షరం పెట్టుకున్నారు. 72 మంది రెండు, 464 మంది మూడు. చిన్నవీ, నిఘంటువులో దొరికేవీ మొత్తం లెక్కేస్తే 2,831, అంటే నూటికి 86. మనుషులు ఇలాగే వుంటారు, ఇకముందూ ఇలాగే వుంటారు అని ఒప్పుకుని, ఆ బరువు ప్రోగ్రాం మీద వేసుకున్నారు వాళ్ళు. మరని కావాలనే నెమ్మదిగా తిరిగేట్టు చేశారు, దొంగ ఒక్కొక్క మాటా వేసి చూడాలంటే విసుగెత్తేట్టు. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా పిండి వేరువేరుగా వచ్చేట్టు, ఒక్కొక్కరి దాన్లో ఒక్కొక్క రకం "ఉప్పు" కలిపారు. (నిజంగానే దాని పేరు ఉప్పు, సాల్ట్. వంటింటి మాటలు నాకు మాత్రమే తట్టినవి కావు.) అప్పట్లో 4,096 రకాల ఉప్పు సరిపోయింది. ఇప్పుడు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి.

ఇక్కడొక విచిత్రం. ఆ మోరిస్ గారి కొడుకే, రాబర్ట్ టాపన్ మోరిస్, 1988 నవంబరు 2న ఇంటర్నెట్ మీదికి ఒక పురుగుని వదిలాడు. అది వెంట తెచ్చుకున్న మాటల జాబితాతో పాస్‌వర్డులు ఊహించి లోపలికి దూరేది. అది కాకపోతే సి భాషలోని గెట్స్ అనే ఫంక్షన్‌లో వున్న లోపం గుండా దూరేది. ఎంత పొడుగు మాట ఇచ్చినా హద్దు చూసుకోకుండా మింగేస్తుందా గెట్స్. 2011లో సి భాష ప్రమాణం నుంచే దాన్ని తొలగించారు. మన లాగిన్ ప్రోగ్రాంలో పాస్‌వర్డు చదివేది దేనితో? రికార్డు తెరిచి చూసుకోండి.

"ఇవన్నీ పాత కథలు, ఇప్పుడెవరు అలా దాస్తారు?" అంటారేమో. 2009 డిసెంబరులో రాక్‌యూ అనే అమెరికన్ సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటికి పోయాయి. అన్నీ చదువుకునేట్టుగానే వున్నాయి. వాటిలో 2 లక్షల 90 వేలకు పైగా "123456". 2019 మార్చిలో ఫేస్‌బుక్ అంతటి సంస్థ, తన లోపలి ఫైళ్ళలో కోట్లాదిమంది పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా పడివున్నాయని ఒప్పుకుంది. దాని మీద ఐర్లండు అధికారులు 2024లో 9 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేశారు. వాళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళు లేకనా? చదువుకున్నవాళ్ళే. మొదట చదువుకున్నదేమిటో అదీ ప్రశ్న.

అంత దూరం ఎందుకు? ఇటువైపు ఒక కాలేజీలో జరిగింది చెబుతాను, పేరు అనవసరం. విద్యార్థుల మార్కులు, ఫోటోలు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు వుండే వెబ్‌సైటుకి హాల్‌టికెట్ నంబరే యూజర్‌నేమ్. పుట్టినతేదీ పాస్‌వర్డు. హాల్‌టికెట్ నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి వరసగా వుంటాయి. పుట్టినతేదీ అంటారా, హాస్టల్లో కేకు కోసిన ప్రతివాళ్ళకీ తెలుసు. తెలియకపోతే ఏడాదికి 366 కొట్టి చూస్తే సరి, ఎన్నిసార్లు తప్పు కొట్టినా ఆపే నాథుడు లేడు. ఒక కుర్రవాడు తన క్లాసు ఆడపిల్లల పేజీలన్నీ తెరిచి నంబర్లు ఎత్తుకున్నాడు. ఒకమ్మాయికి రాత్రుళ్ళు ఫోన్లు మొదలయ్యాయి. ఇంట్లో వాళ్ళు ఏమన్నారు? "నంబరు నువ్వే ఎవరికో ఇచ్చి వుంటావు" అన్నారు. చదువు మానిపిస్తామన్నారు కూడా. ఆ కుర్రవాడికి శిక్ష పడింది, మంచిదే. ఆ వెబ్‌సైటు వ్రాసినవాళ్ళని ఎవరూ పన్నెత్తు మాట అనలేదు. వాళ్ళు ల్యాబులో నేర్చుకున్నదే వ్రాశారు మరి. తర్వాత నోటీసుబోర్డు మీద "విద్యార్థినులు బలమైన పాస్‌వర్డులు పెట్టుకోవలెను" అని కాగితం ఒకటి అంటించారట! గోదాము తలుపు తీసిపెట్టి, రైతుని మూట గట్టిగా కట్టుకోలేదేమని అడిగినట్టుంది.

ఒక చిన్న పరీక్ష చెబుతాను, ఎవరైనా చేసి చూడవచ్చు. ఏదైనా వెబ్‌సైటులో "పాస్‌వర్డు మరచిపోయాను" అని నొక్కండి. కొత్తది పెట్టుకోమంటే ఫరవాలేదు. మీ పాత పాస్‌వర్డునే మీకు తిరిగి పంపిందా, వాళ్ళ దగ్గర పిండి లేదు, మీ బియ్యమే వున్నాయన్నమాట. అదే పాస్‌వర్డు బ్యాంకులో కూడా పెట్టుకుని వుంటే ఆ రోజే మార్చుకోండి.

మా లెక్చరర్లలో నేను గౌరవించే ఒకరితో ఈ విషయం ప్రస్తావిస్తే ఆయన అన్నారు: "పిల్లలకి ఇంకా ఇఫ్ సరిగ్గా రాలేదు. నువ్వు హ్యాష్ అంటావు. ముందు నడక, తర్వాత పరుగు." ఈ వాదనని కొట్టిపారేయలేను. నలభై కంప్యూటర్లలో పది పనిచేయని ల్యాబులో, అరవై మందిని చూసుకునే మాస్టారి కష్టం నాకు తెలుసు. అయితే ఒక్క మాట. నేర్పాల్సింది ఇఫ్ మాత్రమే అయితే దానికి పాస్‌వర్డు ఎందుకు? కరెంటు బిల్లు స్లాబులున్నాయి. మార్కులని బట్టి క్లాసు నిర్ణయించడముంది. బస్సులో సగం టికెట్టా పూర్తి టికెట్టా చూడటముంది. వీటిల్లో దేనితోనైనా ఇఫ్ భేషుగ్గా వస్తుంది, ఎవరి కొంపా మునగదు. "లాగిన్" అని పేరు పెట్టి నేర్పుతున్నామంటే మాత్రం లాగిన్ నేర్పాలి. డెమో కోసం సూదిని కడగకుండా ఇంజక్షన్ చేయటం మొదట నేర్పి, కడగడం మూడో ఏడు నేర్పుతామని మెడికల్ కాలేజీలో ఎవరైనా అంటే ఊరుకుంటామా?

పైగా అదేమంత పరుగూ కాదు. పైథాన్‌తోపాటు వచ్చే హ్యాష్‌లిబ్‌లోనే పీబీకేడీఎఫ్-2 అనే మర వుంది, విడిగా ఏదీ తెచ్చి పెట్టుకోనక్కరలేదు. ఖాతా తెరిచేటప్పుడు సీక్రెట్స్ అనే మాడ్యూలు నుంచి పదహారు బైట్ల ఉప్పు తీసుకోవాలి. పాస్‌వర్డునీ, ఉప్పునీ మరలో వేసి ఆరు లక్షల సార్లు తిప్పమనాలి. ఉప్పునీ, వచ్చిన పిండినీ ఫైలులో పేరుకి ఎదురుగా వ్రాసుకోవాలి. లాగిన్ అప్పుడు అదే ఉప్పుతో మళ్ళీ తిప్పి పోల్చాలి. అదనంగా అయ్యేది నాలుగైదు లైన్లు. మర లోపల ఏం జరుగుతుందో మొదటి సంవత్సరంలో తెలియనక్కరలేదు. వర్గమూలం ఫంక్షన్ లోపల ఏం జరుగుతుందో తెలిసే వాడుతున్నారా? ఉద్యోగాల్లో వాడే బీక్రిప్ట్, ఆర్గాన్-2 లాంటివి తర్వాత ఎలాగూ వస్తాయి. పాస్‌వర్డు టైపు చేస్తుంటే పక్కవాడికి స్క్రీను మీద కనపడకుండా వుండాలంటే గెట్‌పాస్ అనేది వుంది, అది ఒకే ఒక్క లైను.

మిగతావి చిన్న సంగతులు. పేరు తప్పైనా, పాస్‌వర్డు తప్పైనా ఒకే జవాబు చెప్పాలి. "ఆ పేరుతో ఎవరూ లేరు" అని ఒకసారీ, "పాస్‌వర్డు తప్పు" అని ఒకసారీ చెబితే, ఎవరున్నారో ఎవరు లేరో దొంగకి మనమే చెప్పినట్టు. అయిదుసార్లు తప్పితే కాసేపు ఆగమనాలి.

2023లో మన పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. జనం సమాచారాన్ని తగిన జాగ్రత్తతో కాపాడని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చునని అందులో వుంది. ఇప్పుడు ఈ సంచిక చదువుతున్న మిత్రుల్లో ఎందరో అటువంటి సంస్థల్లో ప్రోగ్రాములు వ్రాయబోతున్నారు.

వచ్చే విద్యాసంవత్సరానికి ల్యాబు మాన్యువల్ మళ్ళీ అచ్చు కావలసి వుంది. విద్యార్థి సంఘం మిత్రులు బస్సు పాసుల కోసం, మెస్ బిల్లుల కోసం విభాగాధిపతుల దగ్గరకి ఎన్నోసార్లు వెళ్ళారు. ఈసారి ఈ ప్రయోగం గురించి కూడా ఒక అర్జీ పట్టుకుని వెళ్ళాలని కోరుతున్నాను. అడగాల్సినవి రెండే. ఒకటి, ఆ ప్రయోగాన్ని ఉప్పుతో, హ్యాష్‌తో వ్రాయించాలి, లేదా తీసేసి కరెంటు బిల్లు పెట్టాలి. రెండు, అవుట్‌పుట్ పేజీలో మూడో పరీక్ష తప్పనిసరి చేయాలి: రవి పేరు, లత పాస్‌వర్డు. అర్జీ ముసాయిదా నా దగ్గర సిద్ధంగా వుంది. సంతకాలు పెట్టదలచినవాళ్ళు మధ్యాహ్నం పూట ల్యాబులో కనిపిస్తే ఇస్తాను.